మా చౌడేశ్వరిని ఒంటరిగా మరొకసారి పరీక్షించమని మనవి

పిల్లల ఎదుగుదల పరీక్ష శిబిరం పర్యవేక్షణ అధికారి గారికి,
ధర్మవరం నివాసి, నేతపని ఓబిలేష్ భార్య హేమావతి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా కుమార్తె చౌడేశ్వరి, వయస్సు ఆరేండ్లు, ఆటిజం లక్షణాలు లేవని శిబిరంలో తేల్చినందున, మరల పరీక్ష చేయించుట గురించి.

1. నేను, నా భర్త పట్టుచీరలు నేసి జీవించువారము. పట్టుపోగును కండెలకు చుట్టే రాట్నం దగ్గర మా పాప కూర్చున్నదంటే, చక్రం తిరిగినంతసేపు చూపు తిప్పదు. పిలిచినా పలకదు. మా అత్తగారు తిరుపాలమ్మ దీనిని పనిమీద శ్రద్ధగా పరిగణించి, “ఇంత కుదురుగా కూర్చునే పిల్ల యాడుండాది? మన మగ్గం నిలబెట్టేది ఇదే” అని వచ్చినవారందరికీ చెప్పుకొనుచున్నారు. రాట్నం ఆగితే పాప తన చేయి తానే కొరుక్కొనును. ఆ సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పరు.

2. బడిలో టీచరమ్మ అభిప్రాయము: “నీ కూతురు బంగారమమ్మా, నోరే ఎత్తదు.” ఇంటికి వచ్చి, సంచి కూడా దించకుండా మంచం కిందికి దూరి, చెవులు మూసుకొని ఏడ్చునది ఈ బంగారమే.

3. మా వీధి దాసప్ప కొడుకు గోడలెక్కి, చేతికందినవన్నీ విసిరేసినందున వానిని వెంటనే గుర్తించి శిక్షణకు పంపినారు. సంతోషమే. మా పాప గోడలెక్కదు. శిబిరంలో చీటీలిచ్చే ఆమె, “ఇట్లాటివి మగపిల్లలకే వస్తాయిలేమ్మా, ఊరికే భయపడతాండావు” అని సెలవిచ్చినారు. అణకువగా పడే కష్టం కష్టం కాదా అయ్యా?

4. అసలు ఫిర్యాదు ఇది. తోడుంటే బెదరదని మా మరిది కూతురు అరుణజ్యోతిని కూడా శిబిరానికి వెంటబెట్టుకొని పోయినాము. డాక్టరు గారు ముందు ఆ పిల్లనే కూర్చోబెట్టి పేరేమి, ఏమి ఇష్టమని అడిగినారు. అరుణజ్యోతి నవ్వి పేరు చెప్పి, జామకాయలంటే ఇష్టమన్నది. పక్కన నిలబడి మా పాప చూస్తూనే ఉన్నది. తన వంతు రాగానే అదే నవ్వు నవ్వి, “నా పేరు అరుణజ్యోతి. నాకు జామకాయలంటే ఇష్టం” అన్నది. జామకాయ వాసనకే వాంతి చేసుకొనే పిల్ల! డాక్టరు గారు పకపకా నవ్వి, “భలే గడుగ్గాయి, మనల్నే ఆటపట్టిస్తోంది. దీనికేమీ లేదు” అన్నారు. “కాదు సార్, అది ఎప్పుడూ ఇంతే, పక్కనోళ్లను చూసి అట్లే చేస్తాది” అని నేను చెప్పబోతుండగానే తరువాతివారిని పిలిచినారు.

5. ఆ దినము నుండి ఇంటిలో నా మాట చెల్లుట లేదు. “డాక్టరే చెప్పినాడు గదా. దసరా సెలవులైనాక బడి మాన్పించి రాట్నం కాడ కూర్చోబెడదాం” అని అత్తగారి తీర్మానము. నా భర్త మంచివాడే, తల్లి ఎదుట నోరు విప్పడు. నాకు నిలకడ లేదు. పోగు పట్టుకుంటే తెగిపోవుచున్నది. బిడ్డకేమీ లేదంటే తల్లి సంతోషపడవలె గదా, ఏదో ఉందని రాయించుకోవడానికి తిరుగుతున్నానని వీధిలో నవ్వుతున్నారు. నవ్వనీండి. నేను చదివినది పదో తరగతి. అది ఆటిజమో కాదో నాకు తెలియదు. తెలిసినవారు నిదానంగా చూసి కాదంటే కాదనే చెప్పండి. అప్పుడు ఆ ఏడుపు ఎందుకో అదైనా చెప్పండి.

కావున సెలవులు ముగియకముందే, ఆడపిల్లలను చూసిన అనుభవమున్న డాక్టరు గారిచేత, పక్కన మరొక పిల్ల లేకుండా, మా పాపను మరల పరీక్ష చేయించవలెనని వేడుకొనుచున్నాను. ఈ తల్లి గోడు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
హేమావతి

మరొక మాట: ఇది రాస్తుండగా పాప వచ్చి పక్కన కూర్చున్నది. తానూ ఒక కాగితం తీసుకొని, నన్ను చూసి “అయ్యా” అని రాసినది. “నీకేం కావాలమ్మా?” అని అడిగినాను. “నీకేం కావాలమ్మా?” అన్నది, అచ్చం నా గొంతుతోనే. నాకేం కావాలో పైన రాసినాను సార్. దానికేం కావాలో అది చెప్పలేకుండాది. తొందరగా పిలవండి.