బ్రెడ్డు నిర్దోషి

మా ఇంట్లో మొట్టమొదటి డైటీషియన్ గారైన చిట్టితల్లికి,

బాబాయి బోలెడు ముద్దులతో రాస్తున్నది. నీ ఉత్తరం అందింది. నా తేన్పుల సంగతి మీ పిన్ని నీకు రాసేసిందన్నమాట! పోనీలే, అవి వీధి చివరిదాకా వినిపిస్తూనే ఉన్నాయి, ఇక దాచేదేముంది?

"గోధుమ, మైదాలు, పాలు, వెన్న, గుడ్లు, పంచదార, వీటి మీద నా అనుమానం. నెల రోజులు ఇవి ఇంట్లో ఉండకూడదు బాబాయ్, కంటికి కనబడితే నీ చెయ్యి ఊరుకోదు" అని రాశావు. నీ మాట నేను కాదంటానా? మా ఇంటికీ బేకరీకీ మధ్య ఉన్నది ఒక చెక్కమెట్ల వరస. కింద పిండి పులిస్తే పైన నా దిండుకి వాసన తగులుతుంది. ఇందులో ఇల్లెంతవరకు, కొట్టెంతవరకు? అందుకని మొత్తం ఖాళీ చేశాను. పిండి బస్తాలు మీ పిన్ని పుట్టింటికి పంపేశాను. గాజు అల్మారాలో బ్రెడ్డు లేదు, బన్ను లేదు, బిస్కెట్టు ముక్క లేదు. పొయ్యిని చల్లార్చడానికి మాత్రం మనసొప్పక బంగాళాదుంపలు, గుమ్మడికాయలు కాల్చి అమ్ముతున్నాను.

ఒక్కటే భయం తల్లీ. తప్పు గోధుమదని తేలితే నా గతేమిటి? పొద్దున్నే మొదటి బ్రెడ్డు అంచు విరిచి నోట్లో వేసుకుంటే గాని నాకు తెల్లవారినట్టుండదు. నేను తినలేనిదాన్ని నలుగురికీ ఏ మొహం పెట్టుకుని అమ్మను? ఈ చేతులకి ఇంకో పని రాదు.

నీ మాట మీదే నిలబడిన
బాబాయి

తా.క.: పుట్టినరోజు కేకు కావాలని ఒకావిడ వచ్చింది. మూడు గుమ్మడికాయలు పెద్దదాని మీద చిన్నది పేర్చి, పైన కొవ్వొత్తి గుచ్చి చూపించాను. ఆవిడ ఇంకా తేరుకోలేదు.

* * *

కొంప ముంచిన బాబాయికి,

నమస్కారాలు తర్వాత, ముందు తల బాదుకోనీ! నేను మానమన్నది నిన్ను, వీధిని కాదు! నీ కంచంలోంచి తియ్యమంటే కొట్లోంచే తీసేస్తావా? పాపం, ఆ వీధిలో వాళ్లు పొద్దున్నే ఏం తింటున్నారు?

పిండి బస్తాలు వెనక్కి తెప్పించు. మామూలుగా కాల్చు, మామూలుగా అమ్ము. వాసన పీల్చితే ఏమీ కాదు, నోట్లో పెట్టకపోతే చాలు. రుచి చూసే పని పిన్నికి అప్పగించు.

ఇక ఆ భయం ఇప్పటినుంచే ఎందుకు? వాటిలో ఏదైనా కావచ్చు, ఏదీ కాకపోనూవచ్చు. నువ్వు నా మొదటి పేషెంటువి బాబాయ్. నిన్ను ఒంటరిగా వదుల్తానా? నీకు తోడుగా నేనూ అన్నీ మానేశాను. ఆసుపత్రి క్యాంటీన్లో అందరూ బన్నులు నములుతుంటే నేను ఉడకబెట్టిన క్యారెట్లతో కాలక్షేపం చేస్తున్నాను.

కోపంగా, ప్రేమగా,
నీ చిట్టి

తా.క.: గుమ్మడికాయ మీద కొవ్వొత్తి నిలబడిందా? ఊరికే అడుగుతున్నానంతే.

* * *

బంగారుతల్లికి,

కొవ్వొత్తి భేషుగ్గా నిలబడింది. ఆవిడ ఆ గుమ్మడికాయలే తీసుకెళ్లింది!

నీ ఉత్తరం చదవగానే కొట్టు మళ్లీ మామూలుగా తెరుద్దామనుకున్నాను. వీధి ఒప్పుకోలేదమ్మా! పోస్టుమాన్ బెల్టుకి కొత్త బెజ్జం కొట్టించుకున్నాడు. టైలరుకి ఇన్నాళ్లూ బట్టలు వదులు చెయ్యడమే పని, ఇప్పుడు బిగించడానికి చేతులు చాలడం లేదు. లెక్కల మేష్టారు క్లాసులో అరవడం మానేశారు. మేష్టారికి ఒంట్లో బాగాలేదేమోనని పిల్లలు బిక్కచచ్చిపోయారు. "ఇంకొన్నాళ్లు బ్రెడ్డు కాల్చకండి బాబూ" అని అందరూ నా చేతులు పట్టుకుంటున్నారు. గడియారాలు బాగుచేసే ఆయన ఒక్కడే రోజూ వచ్చి, ఖాళీ అల్మారా ముందు కాసేపు నిలబడి, నిట్టూర్చి వెళ్తున్నాడు.

ఇదంతా నీ చలవే అని అందరికీ చెప్పాను. చెప్పింది ఒకటి, పాకింది ఇంకొకటి. బ్రెడ్డు మీద నిషేధం తెచ్చిన పెద్ద అధికారివి నువ్వేనని వీధంతా చెవులు కొరుక్కుంటోంది. నీ నోట్లో పంచదార పొయ్య అందామంటే అదీ మానేసినవాటిలో ఉందాయె!

ఇక నా సంగతి. తేన్పు లేదు, ఉబ్బరం లేదు. ఒళ్లు దూదిలా ఉంది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని మీ పిన్ని ఉండుండి నన్ను తట్టి చూస్తోంది. ఇంత బాగుంటే సంతోషించాలి కదా? సంతోషంగానే ఉంది. కానీ ఎంత బాగుంటే అంత దిగులు. బ్రెడ్డు మానబట్టే ఇంత బాగున్నానేమో తల్లీ!

దూదిలాంటి
బాబాయి

తా.క.: ఇస్త్రీ చేసే ఆయన తన బావమరిదిని నెల రోజులు మానేసి చూడవచ్చా అని అడగమన్నాడు. తర్వాత కొద్దికొద్దిగా తెచ్చుకుంటాడట.

* * *

దూదిలాంటి బాబాయికి,

బావమరిదిని నిరభ్యంతరంగా మానేయవచ్చు. ఫలితాలకు పూచీ నాది కాదని చెప్పు.

నెల పూర్తయింది! నిజంగా మానేశావు! క్యాంటీన్లో నీ ఉత్తరం చదివి నేను ఎగిరి గంతేస్తే క్యారెట్లు కింద పడ్డాయి. ఇప్పుడే అసలు ఘట్టం. మానేసినవాటిని ఒక్కొక్కటిగా తిను. ఒకటి తిన్నాక రెండు మూడు రోజులు ఆగి, ఒళ్లేమంటుందో చూసి, ఆ తర్వాతే ఇంకొకటి. అన్నీ ఒకేసారి తినేశావంటే ఎవరు దొంగో ఎప్పటికీ తేలదు.

నీ ప్రాణమంతా బ్రెడ్డు మీదే కదా, దాన్నే ముందు తిను. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు తప్ప ఇంకేమీ కలపకు. ఏం జరుగుతోందో గమనించడానికి పక్కన ఎవరైనా ఉంటే మంచిది.

గుండె చిక్కబట్టుకుని,
నీ చిట్టి

తా.క.: తోడు మానేసిన పుణ్యం కాబోలు, నాకూ కులాసాగా ఉంది. కాలేజీ రోజుల నుంచీ మధ్యాహ్నమయ్యేసరికి పట్టుకునే తలనొప్పి ఈ నెలంతా రాలేదు. కొత్త కళ్లజోడు మహిమ అయ్యుంటుంది.

* * *

చిట్టితల్లీ! చిట్టితల్లీ! చిట్టితల్లీ!

బ్రెడ్డు నిర్దోషి!

గమనించడానికి పక్కన ఎవరైనా ఉండాలన్నావు కదా, వీధంతా వచ్చింది. నన్ను కొట్టు మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. టైలరు నా పొట్ట చుట్టూ టేపు పట్టుకున్నాడు. గడియారాల ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని నా గొంతులోకి చూశాడు. మేష్టారు అందర్నీ నోరు మూసుకోమన్నారు. నేను అంచు విరిచి నోట్లో వేసుకున్నాను. నెల తర్వాత! ఆ కరకర విని నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరో దగ్గితే అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత నేనెక్కడికి వెళ్తే అక్కడికి వంతులేసుకుని వచ్చారు. మూడు రోజులు చూశారు. ఒక్క తేన్పు లేదు!

గుడ్లు మంచివే. పంచదార మంచిదే. వెన్న కూడా బతికి బయటపడింది. ఆఖరున గ్లాసుడు పాలు తాగాను. టైలరు టేపు సర్దుకునేలోపే వచ్చింది చూడూ తేన్పు, గడియారాల ఆయన భూతద్దం ఊడి కింద పడింది! పాలమ్మా పాలు! బలం వస్తుందని మీ పిన్ని రోజూ పడుకోబోయే ముందు బలవంతాన పట్టించే గ్లాసుడు పాలు! అందరూ నన్ను ఎత్తుకుని ఊరేగించబోయారు గాని, పాలు తాగి ఉన్నానని కొంచెం వెనకాడారు.

పొయ్యిలో మళ్లీ బ్రెడ్డు పడింది. కొత్త రకం చేశాను, పేరు "చిట్టితల్లి బ్రెడ్డు". పొద్దున్నే బారులు తీరుతున్నారు. మొదటిది నీకు పార్సిలు చేశాను. తిని వెంటనే రాయి.

మళ్లీ బేకరీవాడైన
బాబాయి

తా.క.: ఇస్త్రీ ఆయన బావమరిదిని తెచ్చుకున్నాడు. మొదటి పూటకే దద్దుర్లు.

* * *

బాబాయ్,

ఈ ఉత్తరం రాసి చింపి, మళ్లీ రాస్తున్నాను.

పార్సిలు అందింది. గుడ్లూ పాలూ అన్నీ ఒక్కొక్కటిగా తిని చూసుకున్నాను, నాకేమీ కాలేదు. గోధుమ ఒక్కటే మిగిలింది. నీ చేతి బ్రెడ్డు కోసం దాన్ని ఆఖరికి దాచుకున్నాను మరి. తిన్నాను. మధ్యాహ్నానికి తలనొప్పి! కళ్లజోడు మీద నెపం పెట్టి, కళ్లద్దాల షాపువాడితో పోట్లాడి వచ్చాను. కొన్నాళ్లు ఆగి మళ్లీ తిన్నాను. మళ్లీ తలనొప్పి. నమ్మబుద్ధి కాక ఇంకోసారి తిన్నాను. పేషెంట్లకి గడగడా చెప్పే మాట నాకు నేను చెప్పుకోవడానికి ఎంత ఏడ్చానో!

నీకు పడింది, నాకు పడదు బాబాయ్. చిన్నప్పుడు బడికి వెళ్లే ముందు నీ చేత్తో అంచు విరిచి నాకే పెట్టేవాడివి. ఇక నాకు ఆ ముక్క లేదు. చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను. కానీ నువ్వు పంపుతూనే ఉంటావు, నేను తింటూనే ఉంటాను. తలనొప్పి లేని నెల ఎలా ఉంటుందో ఒకసారి చూశాక దాన్ని వదులుకోలేకపోతున్నాను. నువ్వు మాత్రం ఆపకు. నీ పొయ్యి వెలుగుతోందని తెలిస్తే నాకు చాలు.

నీ తర్వాత నాకు నేనే రెండో పేషెంటైన,
చిట్టి

తా.క.: బ్రెడ్డు అద్భుతంగా ఉంది. అదే కదా గొడవ.

* * *

పిచ్చితల్లీ,

ముందు కళ్లు తుడుచుకో. మీ పిన్నీ నేనూ నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాం. తర్వాత నేను లేచి కొత్త బేసిన్లు, కొత్త అచ్చులు కొనుక్కొచ్చాను. వాటికి గోధుమపిండి తగలనివ్వను. బియ్యప్పిండి, మొక్కజొన్నపిండి కలిపి చూస్తున్నాను.

మొదటి బ్రెడ్డు బల్ల మీద పడేస్తే బల్ల సొట్టపోయింది. రెండోది కొయ్యబోతే ఇసకలా రాలింది. మూడోది అచ్చులోంచి బయటికి రానంటోంది. ఇంతకాలం గోధుమే నాకు పని చేసిపెట్టిందనీ, నాకేమీ రాదనీ ఇప్పుడే తెలిసింది. భలేగా ఉందమ్మా! పనిలో చేరిన కొత్తలో ఉన్నట్టు, పొద్దున్నే ఎప్పుడెప్పుడు మెట్లు దిగుదామా అని ఉంటోంది. కుదిరేదాకా వదలను. నువ్వు తినలేని బ్రెడ్డుకి నీ పేరెందుకని దానికి పేరు కూడా తీసేశాను. ఆ పేరు దీనికి.

నాలుగోది పొయ్యిలో ఉంది. తలుపు సందులోంచి చూస్తూనే రాస్తున్నాను. ఉబ్బుతోంది తల్లీ! ఉబ్బుతోంది! కలం పడేసి వెళ్తున్నాను!

బాబాయి

తా.క.: కూలిపోయింది. కానీ ఉబ్బింది!