గుడ్డ కప్పిన కంప్యూటరు

చిరంజీవి మా అమ్మడికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నానని రాశావు, ఆ సంగతి కాస్త కిందికి వచ్చాక మాట్లాడతాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకోకు. ఫోన్లో నా మాట సగంలో ఉండగానే "సరేలే అమ్మా" అంటావు. కాగితం మీద ఆ బెడద లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న మోకాలు నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం మూలుగుతున్నారు, అదీ నేను దగ్గర్లో ఉంటేనే. ఇక రెండోది. కొత్తవి వచ్చాయని ఆఫీసువాళ్ళు నాకిచ్చేసిన పాత కంప్యూటరును అటకెక్కించావా అని అడిగావు. ఎక్కించలేదు. దాన్ని ఆటల కంప్యూటరు చేశాను. నవ్వుతావని తెలుసు, కానివ్వు.

ఇన్నేళ్ళూ నా చేత జీతాల లెక్కలు కట్టించిన యంత్రం అది. బుర్ర బాగానే ఉంది, ఒళ్ళే ఇరుకు. ఆటలకు కావలసిన గ్రాఫిక్స్ కార్డు ఆ సన్నటి డబ్బాలో పట్టలేదు. అందుకని పక్కన అద్దం ఉన్న పెద్ద క్యాబినెట్ తెప్పించి, లోపలి సరుకంతా అందులోకి మార్చాను. వీడియో చూస్తూ నేనే విప్పాను. ఏ స్క్రూ ఎక్కడిదో విడివిడిగా కవర్లలో వేసి పైన రాసుకున్నాను. నాన్నది టార్చి పట్టుకునే ఉద్యోగం. నేను వైరు చూపిస్తే ఆయన వెలుగు నా మొహాన కొట్టేవారు.

అంతా బిగించి కొత్త బటన్ నొక్కితే చడీ చప్పుడూ లేదు. "నేను చెప్తూనే ఉన్నా" అన్నారు నాన్న, అప్పటిదాకా ఒక్క ముక్కా చెప్పకుండా. తీరా చూస్తే ఆఫీసు మదర్‌బోర్డు తీరే వేరు, కొత్త బటన్ వైరు దానికి సరిపడదు. పాత డబ్బా ముందు భాగం ఊడదీసి, ఆ బటన్‌నే వైరుతో సహా పీకి తెచ్చి తగిలించాను. ఇప్పుడది క్యాబినెట్ పక్కన వేలాడుతోంది. చూడ్డానికి బాగోదు, నొక్కితే మాత్రం పలుకుతుంది.

ఈ వయసులో నీకు ఆటలెందుకంటావా? పొద్దస్తమానం నువ్వు ఆడే ఆ ఆటలో ఏముందో చూద్దామనిపించింది. అందులో నీ పేరు కందిరీగ అని, నువ్విక్కడ ఉన్నప్పుడు నీ భుజం మీంచి చూశాను కదా, గుర్తుంది.

ఇక అసలు సంగతి. కందిరీగను వెతుక్కుంటూ వచ్చి, కొన్నాళ్ళుగా మీ జట్టులో గుడ్లగూబ పేరుతో ఆడుతున్నది నేనే.

మొదటి రోజే చెప్పేద్దామనుకున్నాను. కానీ నువ్వు "కొత్తవారా? కంగారు పడకండి, నేను నేర్పిస్తాను" అని టైపు చేశావు. నీ నుంచి అంత మర్యాద నేనెప్పుడూ ఎరగను. ఓ రెండు రోజులు అనుభవిద్దామనిపించింది.

తర్వాత ఒకనాడు ఆట మంచి పట్టులో ఉండగా నా కంప్యూటరు వేడెక్కి ఆగిపోయింది. నా మూలంగా మీరంతా ఓడిపోయారు. మళ్ళీ వచ్చాక ఏమైందని అడిగావు. స్క్రీను మీది గుడ్డ తీశాను గానీ క్యాబినెట్ మీది గుడ్డ తీయలేదని చెప్పాను. రోజూ సాయంత్రం కంప్యూటరుకు గుడ్డ కప్పి ఆఫీసు నుంచి బయల్దేరే చేతులు, వాటికి ఇంట్లోనూ అదే అలవాటు. నువ్వు వరసగా నవ్వు బొమ్మలు పెట్టావు. "మా అమ్మా ఇంతేనండీ" అన్నావు. ఆ వెనకే, ఉద్యోగం పోయిందనీ, ఇంట్లో చెప్పలేదనీ, చెబితే అమ్మ తట్టుకోలేదనీ రాశావు.

అప్పుడే "నేనేనే పిచ్చిదానా" అనాల్సింది. "ధైర్యంగా ఉండండి" అని మాత్రం కొట్టాను. నీ మనసులోది దొంగచాటుగా విన్నట్టయింది. తిట్టు, పడతాను. కానీ అమ్మ తట్టుకోలేదని నీకెవరు చెప్పారు? తట్టుకుంది. కాసేపు ఏడ్చాను, మర్నాడు ఆఫీసుకు వెళ్ళి పని చేసుకున్నాను. నువ్వు పనికిరానిదానివని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. నీకు అంతకంటే మంచి ఉద్యోగం దొరుకుతుంది, అందులో నాకు అనుమానం లేదు. నాన్నకు మాత్రం నేను చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి.

నా భయమల్లా ఒకటే. ఇంట్లో చెప్పుకోలేనివి చెప్పుకోడానికి నీకో మనిషి దొరికింది. ఈ ఉత్తరంతో ఆ మనిషిని నీకు లేకుండా చేస్తున్నాను. చెయ్యకుండా ఉందామని చాలా అనుకున్నాను, నా వల్ల కాలేదు. గుడ్లగూబ పరాయిది. దానికి నిన్ను అడగడానికి నోరు రాని ప్రశ్న ఒకటుంది. అది తల్లే అడగాలి.

ఇవాళ ఏం తిన్నావు?

ఇట్లు,
అమ్మ