ఎనభై ఒక్క కిలోలు

మావకి,

నీ దవడకి తీగలు కట్టారు, ఫోనులో మాట్లాడలేవు. నేను మాట్లాడదామంటే ఆ ఫోను నీ తమ్ముడు సోములు చేతిలో ఉంటుంది. వాడు విన్నది మర్నాటికల్లా పేటంతా వింటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

వారం రోజులుగా వీడియో కాల్‌లో నన్ను చూడగానే మొహం గోడవైపు తిప్పేస్తున్నావు. మొగుణ్ణి ఒంటరిగా హెలికాప్టర్‌లో పంపి పెళ్ళాం భయంతో దిగిపోయిందని పేటలో అంటున్నారు. నువ్వూ అదే నమ్మావేమోనని నాకు తిండి సయించడం లేదు. ఆసుపత్రికి రావడానికి మొహం చెల్లడం లేదు.

పడవ మీద వల లాగే కప్పీ ఊడొచ్చి నీ మొహాన కొట్టిందా, విశాఖపట్నానికి రోడ్డు మీద నాలుగు గంటలు, అంతసేపు ఆగితే ప్రాణానికే ముప్పని నౌపడ ఉప్పుమళ్ళ పక్కన హెలికాప్టర్ దించారు. తోడుకి ఒకరు రావచ్చని అందులో వచ్చిన డాక్టరమ్మ శ్రీలలితగారు అన్నారు. ఎక్కి కూర్చున్నాను. పైలట్ నా బరువెంత అని అడిగాడు. యాభై ఎనిమిది అన్నాను. పరాయి మగాడు అడిగితే ఏ ఆడది నిజం చెబుతుంది? బరువు తప్పు చెబితే అందరికీ ప్రమాదమని ఆయన మెల్లగా చెప్పాడు. నా కాటాలో వంద గ్రాములు తగ్గితే చేపలు కొన్నవాళ్ళు తిట్టి పోతారు. ఇక్కడ తగ్గితే నువ్వే పోతావు.

"అబద్ధం సెప్పినాను బాబూ. ఎనభై ఒక్క కిలోలున్నాను" అన్నాను. అన్నానో లేదో డాక్టరమ్మ నన్ను దింపేసింది. నన్ను దింపింది నా ఒళ్ళే మావా, భయం కాదు. రమ్మంటే వస్తాను.

నీ గురమ్మ


ఒసే గురమ్మా,

నీ ఉత్తరం చదివి నవ్వబోతే తీగలు గుచ్చుకున్నాయి.

నిన్ను దింపింది నీ ఒళ్ళు కాదు, నేను. పైలట్ నీ మాట నమ్మనేలేదట. నిన్ను చూడగానే కాగితం మీద ఎనభై అయిదు రాసుకున్నాడట. అయినా హెలికాప్టర్ హాయిగా లేచేదని డాక్టరమ్మే చెప్పింది. నువ్వు బెల్టు వెతుక్కుంటుంటే నేనే ఆవిడ కోటు పట్టుకు లాగి, నిన్ను దించెయ్యమని సైగ చేశాను.

తుఫానులో కూడా నాకు బెదురు లేదని పెళ్ళైన దగ్గర్నుంచి నీకు కోతలు కోస్తూ వచ్చాను. అక్కడ రెక్క తిరగకముందే ఏడుపొచ్చింది. అది నీ కళ్ళబడకూడదనుకున్నాను. విశాఖపట్నం దాకా కళ్ళు మూసుకుని ఆవిడ చెయ్యి వదల్లేదు. దిగాక తన చేతికీ ఎక్స్‌రే తీయించుకోవాలేమో అంది.

వీడియోలో మొహం తిప్పింది కోపంతో కాదు. కుట్లు వేయడానికి మీసం తీసేశారు.

ఎల్లుండి ఆ కుట్లు విప్పుతారట. భయంగా ఉంది, రా. వచ్చేముందు నిన్ను మాటలన్న వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఈ ఉత్తరం చదివి వినిపించు. భయపడింది నేనని వాళ్ళకి తెలియాలి.

మీసం సంగతి మాత్రం చదవకు.

నీ ధనరాజు