ఏడు తప్పు కేకులు

లెమ్విగ్,
6 సెప్టెంబరు 1999

ప్రియమైన ప్రెబెన్‌కు,

ఇక్కడ అందరం వేళకు తింటూ బాగానే ఉన్నాం. ఆ గ్రీన్‌లాండ్ మంచులో నువ్వు కూడా జలుబు తగ్గి తిరుగుతున్నావని చదివి ఊపిరి పీల్చుకున్నాను. నీ ఉత్తరం మంగళవారమే వచ్చింది. జవాబు ఆలస్యమెందుకైందో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగినవి. చూరు కింద వాన గొట్టాన్ని మీ తమ్ముడు స్వెన్ వచ్చి బిగించాడు, ఇప్పుడు కారడం లేదు. అతని నడుము నొప్పి తగ్గింది. మా అక్క మోకాలి ఆపరేషను బాగా జరిగింది, అప్పుడే కర్ర పారేసి డాక్టర్ని తిడుతోంది. పిల్లి నీ కుర్చీని ఆక్రమించింది. నువ్వు పంపిన ఎండుచేప కోసం దానికీ నాకూ రోజూ తగాదానే. మంచి చేప, ఇంకొంచెం పంపు.

ఇక మన రిమోట్ బొమ్మ ట్రక్కు సంగతి. 'ఇంకా ఆగిపోతూనే ఉందా? ఎందుకు బాగుచేయలేకపోతున్నావు?' అని అడిగావు. ఆ కింద ఇంకో ముక్క రాశావు: 'మెరెటె, చెవి కూడా మనిషితో పాటే ముసలిదవుతుంది, బాధపడకు. ఇకమీదట సూది తిప్పే పని ఐవిన్‌కు వదిలెయ్. చెవిలో పెట్టుకునే మిషన్ల గురించి ఇక్కడి నర్సును అడుగుతాను.' ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. దాని సంగతి తర్వాత.

పోయిన చలికాలం ఆ ట్రక్కులోని పిడికెడంత కొత్త ఇంజనును మచ్చిక చేసింది నేను. గ్యారేజీ తలుపు తెరిచిపెట్టి, రెండు స్వెట్టర్లు వేసుకుని, ఎనిమిది ట్యాంకుల ఇంధనం తాగించాను. మొదటి రెండు ట్యాంకులూ ఇంధనం వదిలే సూది మర బాగా తెరిచి, ఆముదం వాసన పొగ గుప్పుమనేటట్టు. ఆ తర్వాత ట్యాంకుకు కొంచెం కొంచెంగా బిగిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ, మళ్లీ వింటూ. పసిపిల్లకు పాలు పట్టినట్టే పట్టాను. నువ్వు కిటికీలోంచి తల పెట్టి, 'ఏమంటోందే నీ కూతురు?' అని నవ్వేవాడివి. 'ఇంకొంచెం కావాలంటోంది' అనేదాన్ని నేను. మా నాన్న మోపెడ్ షాపులో పుట్టి పెరిగిన చెవి ఇది. ఈ బొమ్మ ట్రక్కుల క్లబ్బులో నాకంటూ పేరుంటే ఈ చెవి వల్లే ఉంది. మిగతా ఆడవాళ్లు కాఫీ పోస్తుంటే, మగవాళ్లు ట్రక్కులు పట్టుకుని నా బల్ల ముందు వరసలో నిలబడేవాళ్లు.

మార్చిలో నువ్వు ఓడరేవు పనికి గ్రీన్‌లాండ్ ఓడెక్కావు. ఏప్రిల్లో మొదటి పందెం. స్వెన్ రిమోట్ పట్టుకుని పైన మెట్ల మీద, నేను కింద ఇంధనం సీసాతో. మూడో నిమిషంలో ట్రక్కు చచ్చిపడింది. సరేలే, మొదటిసారి కదా అనుకున్నాను. మేలో మళ్లీ అంతే. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా తిరుగుతుంది. వేడెక్కిందా, రిమోట్ మీద వేగం వదిలినా మోత దిగదు, గాలికి తలుపు కీచుమన్నట్టు గీ అని అరుస్తూనే ఉండి ఒక్కసారిగా ఆగిపోతుంది. ట్రక్కు మైదానంలో ఆగితే వచ్చే ఆదివారం ఆ జట్టు కేకు తేవాలన్న నియమం పెట్టింది ఎవరు? నువ్వే. క్లబ్బు మొదలైన ఏడాది అందరూ నవ్వుకుంటూ ఒప్పుకున్న తప్పు కేకు. ఈ వేసవిలో నేను ఏడు కాల్చాను ప్రెబెన్. రెండు ఆపిల్‌వి, రెండు పుల్లటి రబర్బ్ కాడలవి, మూడు బెల్లం చక్కెరవి. మూడో కేకు దాకా అందరూ హాస్యమాడారు. అయిదో కేకుకు ఎవరూ నవ్వలేదు, జాలిగా తిన్నారు. ఆ జాలే నన్ను చంపింది. అప్పటికి నా బల్ల ముందు వరస కూడా పోయింది.

'ఈసారి ఏ కేకు మెరెటె?' అని అడిగేవాడు ఐవిన్ ఒక్కడే. క్లబ్బులో మొదటి ఆటగాడు, నీ ప్రాణస్నేహితుడు. అతని ట్రక్కు ఈ ఏడాది మొదటి పందెం నుంచి మొన్నమొన్నటిదాకా ఒక్కటీ ఓడలేదు.

నేను చూడనిది లేదు. ప్లగ్గు మార్చాను. కొత్త సీసా ఇంధనం తెప్పించాను. గాలి వడపోత ఉతికి నూనె పట్టించాను. గొట్టాలన్నీ కొత్తవి వేశాను, ట్యాంకును నీళ్లలో ముంచి చూశాను. సూది మాత్రం చలికాలం నేను పెట్టిన లెక్కలోనే ఉంది, పొల్లుపోలేదు. వేలితో తిప్పి చూస్తే పిస్టన్ పైకి వచ్చేచోట ఉండాల్సిన బిగువు లేదు. ఎనిమిది ట్యాంకులకే ఇంత వదులా? అంటే నేనే చెడగొట్టాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా విన్నాననుకున్నది ఏదీ నాకు సరిగా వినపడలేదు అనుకున్నాను. నీకు అదే రాశాను. నువ్వేం జవాబిచ్చావు? 'అవుతుందిలే, వయసు' అన్నావు.

జూలైలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇది నీకు రాయలేదు, సిగ్గేసింది. గాజు గదిలో కూర్చోబెట్టి, మోత వినపడితే బొత్తాం నొక్కమన్నాడు. చివర్లో, 'సన్నటి మోతల్లో కాస్త తగ్గిందమ్మా, మీ వయసుకు మామూలే' అన్నాడు. మామూలేనట! నా ఇంజన్లన్నీ పాడేది ఆ సన్నటి మోతల్లోనే. బయటికొచ్చి కారు తలుపు వేసుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఇంటికొచ్చి ఐవిన్‌కు ఫోన్ చేసి, ఇకనుంచి మా ట్రక్కు సూది కూడా నువ్వే చూడు అన్నాను. 'తప్పకుండా మెరెటె, నేనున్నాగా' అన్నాడు. ఎంత మంచివాడో!

ఆగస్టు చివరి పందేనికి రెండు వారాల ముందు మనసు ఊరుకోలేదు. వదిలేసేముందు ఒక్కసారి చూద్దామని ఇంజను విప్పి, రంధ్రాలన్నీ రబ్బరుతో మూసి, నీళ్ల గిన్నెలో ముంచి గొట్టంలోంచి ఊదాను. వెనక మూత అంచునుంచి బుడగలు వచ్చాయి. సన్నగా, ఒకదాని వెనక ఒకటి. సందులోంచి లోపలికి దూరే దొంగగాలి! వేసవంతా నన్ను ఏడిపించినవి ఆ బుడగలే. బాగా కుదిరిన ఇంజను వెనక మూత నేను విప్పనని నీకు తెలుసు, అందుకే అంతవరకు దాని జోలికి పోలేదు. ఇప్పుడు వాషరు మార్చక తప్పదని విప్పాను.

మూత లోపలివైపు నా గుర్తు లేదు.

నేను మచ్చిక చేసిన ప్రతి ఇంజనుకూ మొదటిరోజే ఆ మూత లోపల సూదిమొనతో చిన్న గీత గీస్తాను. ఎవరికీ చెప్పలేదు, నీక్కూడా. మా నాన్న అలవాటది, ఆయన తర్వాత నాకు వచ్చింది. భూతద్దం తెచ్చి చూశాను, దీపం కింద పెట్టి చూశాను. లేదు. పైన తల నాదే, నేను కింద పడేసినప్పుడు చల్లార్చే రెక్క ఒకటి వంగిన నీలం తల. దాని కింద ఉన్నది ఎవరిదో అరిగిపోయిన పాత ఇంజను, దాని సూదిని నా లెక్క చూసి అంతే తిప్పి పెట్టారు.

స్వెన్‌ను పిలిచాను. అతనొచ్చి బల్ల మీద ఉన్నది చూడగానే మొహం పాలిపోయింది.

"ఏం స్వెన్, నీకు తెలుసా?"

"వదినా... అన్నయ్య చెప్పొద్దన్నాడు."

"ఏడు కేకులు తిన్నావు కదయ్యా నా చేతివి! ఒక్క ముక్కకైనా గొంతు పట్టలేదా?"

"నువ్వు మీ అక్క ఇంటికెళ్లిన వారం మార్చారు. గ్రీన్‌లాండ్ ఓడరేవు పనికి అక్కడి మేస్త్రీ ఐవిన్ వాళ్ల పెద్దన్నే కదా. మాట సాయం చేస్తా, నాకు మెరెటె ఇంజను కావాలన్నాడు ఐవిన్. అన్నయ్య ఇచ్చేశాడు. నువ్వు ఒప్పుకోవేమోనని..."

"అడిగితే కదా ఒప్పుకోకపోవడానికి!"

స్వెన్ తల దించుకున్నాడు. "నీ చెవి గురించి అన్నయ్య రాశాడని నాకు తెలీదు వదినా. ఒట్టు," అన్నాడు. ఆ మాట నమ్మాను. ఇల్లంతా వెతికితే నమ్మదగ్గ మాట అదొక్కటే దొరికింది.

ప్రెబెన్, నువ్వు అడిగి ఉంటే ఆ ఇంజనును మెత్తటి గుడ్డలో చుట్టి నేనే ఇచ్చేదాన్ని. నీకు పని కావాలి, నాకు తెలియదా? చేపల కంపెనీ మూతపడ్డాక రెండేళ్లు నువ్వు కిటికీ దగ్గర కూర్చుని ఎలా ఉన్నావో చూసింది నేనే. ఇంజను పోతే ఇంకోటి చేస్తాను. కానీ నా చెవి మంచిదని నీకు తెలుసు. తెలిసి తెలిసి, ప్రతి ఉత్తరంలో అది పోయిందని రాశావు. నేను ఏడుస్తూ రాసినప్పుడు కూడా. ముప్పై నాలుగేళ్లు నేను పక్కలో పెట్టుకున్న మనిషివి, నా చెవిలోనే పువ్వు పెట్టావు.

ఇక్కడిదాకా చదివి నువ్వు క్షమాపణ ఉత్తరం మొదలుపెట్టావని నాకు తెలుసు. ఆగు. నేను చేసింది కూడా విను.

ఆగస్టు ఇరవైతొమ్మిది, చివరి పందెం. మనది వాషరు మార్చి పరిగెత్తించాను. పాత ఇంజనైనా బుద్ధిగా తిరిగింది, నాలుగో స్థానం. ఐవిన్ ట్రక్కు ముందు ఉంది. వేసవంతా నా చెవిని నేనే నమ్మక గుర్తుపట్టలేదు గానీ, ఆరోజు కళ్లు మూసుకున్నా అది నా బిడ్డేనని తెలిసింది. పొద్దున్నంతా ఉక్కపోత. పన్నెండో నిమిషంలో గాలి తిరిగి సముద్రం వైపునుంచి చల్లగా కొట్టింది, జెండా కర్రకు చుట్టుకున్న తాడు టపటపలాడింది. చల్లగాలి వస్తే సూదిని చుట్టులో ఎనిమిదో వంతు తెరవాలి, లేకపోతే ఇంజను దాహంతో కాలిపోతుంది. ఈ ఊళ్లో అందరూ తెరుస్తారు. ఐవిన్ తెరవలేదు. మెరెటె పెట్టిన సూదిని ముట్టుకోవద్దని నువ్వే చెప్పావట, స్వెన్ అన్నాడు.

దాని గొంతు సన్నబడడం నాకు వినిపించింది. వంద అడుగుల దూరంనుంచి, పదిమంది ట్రక్కుల మోతలో, స్పష్టంగా. మొదట సంతోషం వేసింది, నా చెవి నాకుంది అని! ఆ వెంటనే భయం. ఇంకో ఆరు చుట్లు, మహా అయితే ఏడు.

సరిగ్గా అప్పుడే ఇంధనం పోయడానికి ట్రక్కు లోపలికొచ్చింది. ఐవిన్ కోసం సీసా పట్టుకుని నిలబడ్డది కార్ల్, తెలుసుగా, పాపం ఏ కుట్రా ఎరగని మనిషి. సీసా వంచుతూ నా వైపు చూసి అడిగాడు:

"మెరెటె, దీని శబ్దంలో ఏదో తేడాగా లేదూ? నువ్వోసారి వినవా?"

నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. రెండు అడుగులు వేస్తే చాలు, ఎనిమిదో వంతు తిప్పితే చాలు.

"నాకెక్కడ వినిపిస్తుంది కార్ల్," అన్నాను. "నా చెవులు పోయాయిగా. ప్రెబెన్‌ను అడుగు."

ఆరో చుట్టులో అది అరిచి ఆగిపోయింది. పిస్టన్ పట్టేసి, లోపలి కడ్డీ విరిగి. ఐవిన్ పరిగెత్తుకొచ్చి పట్టుకుంటే వేళ్లు కాలాయి. నా ఎనిమిది ట్యాంకులు, నా చలికాలం, నా గీత, అన్నీ అందులో కాలిపోయాయి. అది చచ్చిపోతోందని విన్నది అక్కడ నేనొక్కదాన్నే, ఊరుకున్నదీ నేనే. దానికి నాకు సంతోషం లేదు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను, ఈసారి నా చెవి కోసం కాదు, దాని కోసం.

నిన్న ఆదివారం ఐవిన్ తప్పు కేకు తెచ్చాడు. కొన్నది, పైన క్రీము అతిగా పూసింది. నా కళ్లలోకి చూడలేదు. రెండు ముక్కలు తిన్నాను.

చెవిలో పెట్టుకునే మిషను గురించి నర్సును అడగకు. అక్కర్లేదు. గ్యారేజీ అరలో మనవి మూడు ఇంజన్లున్నాయి. మూడింటి సూదులూ పూర్తిగా మూసేశాను. ఏది ఎన్ని చుట్లు తెరవాలో నేనెన్నడూ కాగితం మీద పెట్టలేదు, అది నీకు తెలుసు. డిసెంబరులో నువ్వు వచ్చేసరికి నేను ఇంట్లోనే ఉంటాను. నీకు ఇష్టమైన పంది మాంసం, ఎర్ర క్యాబేజీ వండుతాను, నీ కుర్చీలోంచి పిల్లిని లేపుతాను. కానీ ట్రక్కు పట్టుకుని నా దగ్గరికొచ్చి, 'ఏమంటోందే నీ కూతురు?' అని మాత్రం అడగకు. అడిగితే కార్ల్‌కు చెప్పిన జవాబే నీకూ చెబుతాను.

ఇట్లు,
ఇంకా బాగా వినపడుతున్న
నీ భార్య
మెరెటె