ఎండకు ఆరేసిన రీలు

సిద్దిరాములూ,

అత్తమ్మకు పొద్దున్నుంచి ఆయాసం ఎక్కువైంది. మీ అన్న, నేను ఆమెను పది గంటల బస్సుకు హైదరాబాదు దవాఖానకు తీస్కపోతున్నం. జొన్నరొట్టెలు గంపల ఉన్నయ్, పప్పు పొయ్యి మీదున్నది. తిని రా. మగ్గం మీద బట్ట కప్పు, రాత్రి వానకు పైకప్పు ఇంక కారుతాంది.

ఇంకొకటి ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. నువ్వు కెమెరాకు కొత్త రీలు తెస్తనని భువనగిరి పోయినంక చూస్తే, గూట్లె నీ పాత రీలు వానకు తడిసి ఉన్నది. పాడైతదని విప్పి, రంగేసిన నూలు ఆరేసినట్టే దండెం మీద ఎండకు ఆరేసిన. మీ అన్న చూసి తల పట్టుకున్నడు. ఎండ తగిలితే దాంట్ల ఏం మిగలదట. ఎన్నడన్న నాకు చెప్పినవా? మనింట్ల తడిసిందేదైనా ఎండకే ఏస్తం గద.

ఏడాదంత రోజుకొక్క ఫొటో తీస్తనని పంతం పట్టినవ్. పన్నెండు దినాలు నా చేతిల పోయినయ్. కోడిపిల్లలు, మగ్గం మళ్ల తీసుకోవచ్చు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతదని ఇన్నేండ్లు మొఖం దాసుకున్న అత్తమ్మ, మొన్న నీ కోసం కొత్త చీర కట్టుకోని కూసున్నది. అది గూడ పోయింది. తిట్టు, పడ్త. తెచ్చియ్యమంటే యాడికెల్లి తేవాలె?

అత్తమ్మకు చెప్పలేదు.

నీ వదిన,
రాజమణి

కెమెరా ముట్టాలంటే భయమై గూట్లనే ఉంచిన. నువ్వే తీస్కరా. పొయ్యేటప్పుడు అత్తమ్మ తల దువ్వమన్నది. "ఇయ్యాల్టిది వాడింక తియ్యలే గదనే" అన్నది.