అమ్మ తరఫున నేను చెప్పిన మాట

మలర్ పిన్నీ,

ఆస్పత్రిలో ఆ గదిలోకి నాన్నని రానివ్వలేదు, నిన్న అక్కడిదాకా రాసి ఆపాను. సింహళ డాక్టరమ్మ, అమ్మ, మధ్యలో నేను. నాన్నకి అమ్మ కిడ్నీ పెట్టాలి కదా, ఇచ్చేవాళ్ళని అలా విడిగా అడుగుతారంట. ఇష్టం లేదంటే ఆ సంగతి బయటపెట్టరు, "ఈవిడ ఇవ్వడానికి కుదరదు" అని మాత్రం ఇంట్లోవాళ్ళకి చెప్తారంట. తమిళం తెలిసిన నర్సు ఆ రోజు రాలేదు. నాకు బడిలో సింహళం వచ్చేసింది కాబట్టి ఇద్దరి మాటలూ అటూ ఇటూ నన్నే చెప్పమన్నారు.

డాక్టరమ్మ అంది, "మన పొలాల్లో పనిచేసేవాళ్ళలో ఈ కిడ్నీ జబ్బు మగాళ్ళకే ఎక్కువ వస్తోంది. ఆడవాళ్ళ హార్మోను కిడ్నీకి కొంత కాపు కాస్తుందని అనుకుంటున్నాం. మీ అమ్మకి ముట్లు ఆగిపోయాయి, ఇక ఆ కాపు తగ్గుతుంది. బీపీ కూడా అంచుమీదుంది. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?"

"గొడవలకీ కిడ్నీకీ ఏంటి?" అన్నాను.

"దానికీ నరాలుంటాయి పాపా. భయపడ్డప్పుడల్లా అవి రక్తనాళాల్ని బిగించేస్తాయి. ఉప్పూ నీళ్ళూ ఒంట్లోనే ఆగిపోతాయి. రోజూ అదే అయితే బీపీ పెరుగుతుంది."

"మరి నాన్నకి పెట్టేదానికి?"

"తీసేటప్పుడు ఆ నరాలు తెగిపోతాయి. అవి లేకుండానే పనిచేస్తుంది."

నాకు ఆ మాటే పట్టుకుంది పిన్నీ. నాన్న ఒంట్లోకి వెళ్ళేదానికి నాన్నంటే భయం పోతుంది. అమ్మలో మిగిలేది మాత్రం నరాలతో సహా, ఒంటరిగా, అదే ఇంట్లో ఉండాలి. నాన్న బండి చప్పుడు వినపడితే అమ్మ ఎలా బిగుసుకుపోయేదో నువ్వూ చూశావు.

"ఇష్టమేనా?" అంది డాక్టరమ్మ.

అమ్మ నాతో, "ఇస్తానని చెప్పవే. ఇవ్వకపోతే మీ అత్త నన్ను బతకనిస్తుందా?" అంది.

నేను సింహళంలో, "అమ్మకి ఇష్టం లేదంట. భయంగా ఉందంట" అన్నాను.

అంతే. అమ్మది కుదరదని ఇంట్లోవాళ్ళకి చెప్పేశారు. "కట్టుకున్నోడికి పనికిరాని ఒళ్ళు" అని అత్త వచ్చినప్పుడల్లా అంటోంది. నాన్నే, "ఊరుకో అక్కా, దాని తప్పేముంది" అంటున్నాడు. రక్తం కడిగే మిషను మీద నుంచి వస్తే గుమ్మం కూడా ఎక్కలేకపోతున్నాడు. పాత నాన్నయితే నాకింత నొప్పుండేది కాదు. నిజం చెప్పేద్దామా, నువ్వే చెప్పు అని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

కానీ ఇవాళ పొద్దున వార్డులో పక్క మంచం సింహళామె, "మీ ఆయనకి ఇచ్చేవాళ్ళెవరూ లేరా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ సింహళంలో, తడుముకోకుండా, "నాది కుదరలేదమ్మా" అంది.

ఇంటికొస్తూ వవునియా బస్సులో, నాన్న ముందు సీట్లో నిద్రపోతుంటే, అమ్మని అడిగాను. "నీకు సింహళం వచ్చా?"

"పెళ్ళికి ముందు సింహళంవాళ్ళింట్లో వంట చేశాగా. మీ పిన్నికి తెలుసు."

"మరి ఆ రోజు డాక్టరమ్మతో నేను..."

అమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఆ రోజు చెప్పింది నువ్వే కదా" అంది. కోపం లేదు, ఏడుపూ లేదు.

ఇప్పుడు వెళ్ళి అబద్ధం చెప్పానని ఒప్పుకుంటే అమ్మని బల్ల మీద పడుకోబెడతారు. ఒప్పుకోకపోతే నాన్న పోతాడు, పోగొట్టింది నేనవుతాను. అమ్మేమో ఏమీ తెలియనట్టే ఉంటుంది. నేను చెప్పాల్సిన నిజం ఎవరిది పిన్నీ? ఆ గదిలో అమ్మ తమిళంలో అన్నదా, సింహళంలో విని ఊరుకున్నదా?

తలుపు చప్పుడు. నాన్న. ఈమధ్య మెల్లగా తడుతున్నాడు, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు. ఉత్తరం దాచేస్తున్నా.

నీ యాళిని