పదకొండో తారీకు రీడింగ్

వసుంధర మేడమ్ గారికి,

మిర్యాలగూడ ల్యాబ్ టెక్నీషియన్‌ని రాస్తున్నాను. ఇక్కడ మూడు రోజులుగా ముసురు. పద్దెనిమిది మంది రక్తం తీసి, మిషన్ కడిగి కూర్చున్నాను.

సోమవారం మీరు కొత్త షుగర్ మందు ట్రయల్ రికార్డులు తనిఖీ చేయడానికి వస్తున్నారు. అందులో పదకొండో తారీకు కంట్రోల్ రీడింగ్ నేను చూసి రాసింది కాదు. విలువ ముందే తెలిసిన కంట్రోల్ ద్రవాన్ని రోజూ మొదట పెట్టి, మిషన్ సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఆ రోజు జనం ఎక్కువున్నారు. ముందు రోజు అంకెనే దించేశాను.

ఆ పూటే ట్రయల్‌లో ఆ మందు వాడుతున్న వాడపల్లి సారమ్మకు క్రియాటినిన్ ఎక్కువ వచ్చింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయని డాక్టరు గారు మందు ఆపి, ఆమెను ట్రయల్ నుంచి తీసేశారు. మర్నాడు కంట్రోల్ పెడితే మిషనే ఎక్కువ చూపిస్తోంది. సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు.

సారమ్మ రెండుసార్లు వచ్చింది.

"పొద్దందాక వంగి నాటేస్త. నాకు కిడ్నీలేంది సారూ? జర మల్ల సూడరాదు?"

"మిషన్ అబద్ధం చెప్తదా అమ్మా" అన్నాను.

కోదాడలో ఉండే ఆమె బిడ్డ దీప కసిరింది: "ఊకో అమ్మా, సార్ కంటే నీకెక్కువ తెలుసా?"

ఆనాటి రక్తం కొంత ఫ్రీజర్‌లో ఉంది. దాన్ని బయటి ల్యాబ్‌లో చూపించి, ఫలితం ఆమెకు చెప్పించండి. నేనే చెప్పాలి, కానీ నోరు రాలేదు. మీరు నా మీద ఏం రాసినా సంతకం పెడతాను.

సారమ్మ కౌలు పొలం తిరిగిచ్చేసి, ఇవాళ పొద్దున ఆరున్నర బస్సుకు దీప వెంట కోదాడ వెళ్లిపోయింది.